నగిషీ లేని వెండి: కోపెన్‌హాగన్ నుంచి స్టాక్‌హోమ్ దాకా

మంగళవారం, కోపెన్‌హాగన్

బ్రెడ్‌గేడ్ వీధిలో 36వ నంబరు భవనం ముందు ఆగి చూస్తే ప్రత్యేకంగా కనిపించేదేమీ లేదు. జార్జ్ జెన్సెన్ 1904 ఏప్రిల్‌లో తన తొలి వెండి కార్ఖానాను తెరిచింది మాత్రం ఈ చిరునామాలోనే. అదే వీధి వెంట మరి కాస్త ముందుకు నడిస్తే 68వ నంబరులో డెన్మార్క్ డిజైన్ మ్యూజియం వస్తుంది. 18వ శతాబ్దంలో ఆసుపత్రిగా కట్టిన ఆ భవనంలోకి మ్యూజియం 1926లో చేరింది. తత్వవేత్త కీర్కెగార్డ్ 1855లో కన్నుమూసింది ఈ ఆసుపత్రిలోనే అని మా వదిన దారిలో చెప్పింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నందున ఏ గోడ వెనక ఎవరు పోయారో ఆమెకు బాగా తెలుసు.

నేను వెతుక్కుంటూ వచ్చినది ఒకే రకం నగ. అది చేత్తో చేసినదై, వెండిదై, పరిమాణంలో పెద్దదై ఉండాలి. దాని మీద ఒక్క పువ్వు గాని, తీగ గాని, పూస గాని ఉండకూడదు. ఒంటి నిండా ఏమీ పెట్టుకోకుండా అది ఒక్కటి పెట్టుకుంటే చాలు, ఎదుటివారి చూపు అక్కడ ఆగాలి. అలాంటి దాన్ని చూడగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, ‘ఇందులో పనేముంది?’ అన్నది. నిజానికి అందులో పని తగ్గలేదనీ, కంటికి కనిపించే చోటు నుంచి తప్పుకొని వేరే చోటికి వెళ్లిందనీ నాకు చాలాకాలంగా అనుమానం. ఆ చోటేదో కళ్లారా చూడడానికి నగిషీని వదిలేసిన వెండికి పేరుపడిన డెన్మార్క్, స్వీడన్‌లను మించినవి తోచలేదు.

మ్యూజియంలో నగల అరల ముందు మొదట నిలబడవలసింది నేను వెతుకుతున్న దానికి పూర్తిగా వ్యతిరేకమైన వస్తువుల ముందే. 1866లో పుట్టిన జెన్సెన్ కంసాలి పని నేర్చి, తరువాత శిల్పం చదివి, మట్టి పాత్రల వ్యాపారంలో కొన్నాళ్లు గడిపి, చివరికి వెండి దగ్గరికి తిరిగి వచ్చారు. ఆయన తొలినాళ్ల పతకాల నిండా ఆకులు, మొగ్గలు, పక్షులు ఉంటాయి. వాటి మధ్య చంద్రకాంత శిలో, అంబర్ అనే గట్టిపడిన పసుపుపచ్చని చెట్టు జిగురో పొదిగి ఉంటుంది. ఖరీదైన లోహానికి, ఖరీదైన రాయికి బదులు వెండినీ, మామూలు రాళ్లనూ తీసుకొని, విలువంతా చేతిపనిలోనే ఉండాలన్నది ఆయన చేసిన ఎంపిక. తరువాతి తరం ఆకులనూ మొగ్గలనూ తీసేసింది గాని ఈ ఎంపికను మాత్రం వదలలేదు. జెన్సెన్ వస్తువుల్లో నాకు ఎక్కువగా నచ్చినది పైమెరుగు విషయం: వస్తువును కాల్చి, ఆమ్లంలో ముంచి, మెరుగు పెట్టేటప్పుడు నలుపును పూర్తిగా పోగొట్టకుండా కొద్దిగా నిలిపి ఉంచడం వల్ల వెండికి అద్దపు తళుకు కాకుండా మెత్తని కాంతి వస్తుంది. సుత్తి దెబ్బల ఆనవాళ్లు కూడా చాలా వాటి మీద అలాగే ఉన్నాయి.

ఆ అరలు దాటాక హెన్నింగ్ కొప్పెల్ కనిపిస్తారు. యూదు కుటుంబంలో పుట్టిన ఆయన యుద్ధకాలంలో స్వీడన్‌కు తప్పించుకొని వెళ్లి, 1945లో తిరిగి వచ్చి జెన్సెన్ సంస్థకు గీయడం మొదలుపెట్టారు. చదివింది శిల్పం కావడంతో ఆయన ముందు మట్టితో రూపం చేసుకునేవారు. ఆ రూపాన్ని వెండిలోకి తేవడం పనివారి వంతు. 1947 నాటి కంఠాభరణంలో ఒక్కో తునక ఒక్కో తీరుగా వంపు తిరిగి, ఎముకనూ నీటిబొట్టునూ ఒకేసారి తలపిస్తూ, పక్క తునకలోకి ఒదుగుతుంది. దాన్ని మినిమలిస్ట్, అంటే అవసరానికి మించి ఏదీ లేని శైలి, అనవచ్చా అన్నది నాకు తేలలేదు. అందులో అలంకారమనేదే లేదు గాని, తునకలు మాత్రం ఊరికే ఉండవు, ప్రతిదీ కదులుతున్నట్టు ఉంటుంది. అయినా నేను వంగి చూసింది తునకలను కాదు, వాటి అంచులను. వెండి రేకును ఎక్కడా పదునుగా తెగినట్టు వదలకుండా, చర్మానికి తగిలే ప్రతి చోటా గుండ్రంగా తిప్పి ఉంచారు. పని మొదటగా దొరికిన చోటు అదే.

నన్నా డిట్జెల్ కడియాలు ఇంకా మౌనంగా ఉన్నాయి. కుర్చీలకు పేరుపడిన ఈమె, భర్త యోర్గెన్‌తో కలిసి 1954లో జెన్సెన్ సంస్థకు పని చేయడం మొదలుపెట్టారు; నార్డిక్ దేశాల రూపకర్తలకు అప్పట్లో ఇచ్చిన లున్నింగ్ బహుమతి 1956లో ఇద్దరికీ కలిపి వచ్చింది. వెడల్పాటి పట్టీ ఒకటి, లోపలి వైపుకు కాస్త గుంట పడేటట్టు తిప్పినది, అంతే. దాని లోపలి ముఖం బయటి ముఖంతో సమానంగా శుభ్రంగా ఉంది. ‘ఇది చూడడానికేనా విమానమెక్కి వచ్చావు?’ అని వదిన అడిగింది. లోపలి ముఖం చూడమని చూపించాను. ఆమె చూసి, ‘కనిపించని వైపు కూడా తోమారే!’ అని కొంచెం జాలిగానే అంది.

బుధవారం, కోల్డింగ్

కోపెన్‌హాగన్ నుంచి పడమరగా వెళ్లే రైలు గ్రేట్ బెల్ట్ జలసంధిని కొంత సముద్రం అడుగు సొరంగం గుండా, కొంత వంతెన మీదుగా దాటి, ఫ్యూన్ దీవి మీదుగా జట్లాండ్ ద్వీపకల్పంలోకి వస్తుంది. ఈ రైలుమార్గం 1997లో తెరుచుకుంది. కోల్డింగ్ ఊరికి వెళ్లడానికి నాకున్న కారణం హాన్స్ హాన్సెన్ వెండి కార్ఖానా. 1906లో ఇక్కడే మొదలైన ఆ సంస్థ తరువాత జెన్సెన్ సంస్థలో కలిసిపోయింది గాని, ఊరి కోట కోల్డింగ్‌హూస్‌లోని మ్యూజియంలో డెన్మార్క్ వెండి పెద్ద సేకరణ ఉంది.

కోట గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1808లో ఇక్కడ బస చేసిన స్పెయిన్ సైనికులు చలికి వేసుకున్న మంటల వల్ల కోట తగలబడి, శతాబ్దానికి పైగా శిథిలంగా ఉండిపోయింది. తరువాత ఇంగర్, యోహానెస్ ఎక్స్‌నర్ అనే దంపతులు దాన్ని పునరుద్ధరించేటప్పుడు కాలిన గోడలను కప్పిపుచ్చలేదు. కొత్త పైకప్పును కొత్త కలప స్తంభాల మీద నిలబెట్టి, పాత గోడలను పాతవిగానే ఉంచారు. ఏది పాతదో ఏది కొత్తదో చూసేవాడికి వెంటనే తెలుస్తుంది.

వెండి గదుల్లో హాన్సెన్ కుమారుడు కార్ల్ గుస్తావ్ పేరు దగ్గర ఆగాను. 1914లో పుట్టిన ఈయన ఇంకా కుర్రవాడిగా ఉండగానే, 1932లో, తండ్రి కార్ఖానా కోసం ‘ఫ్యూచర్’ అనే ఆభరణాల వరుసను గీశారు. అప్పటికి డెన్మార్క్ నగల్లో ఆకులూ పండ్లూ ఇంకా రాజ్యమేలుతూనే ఉన్నాయి. కొడుకు ఇంత సాదా నగలు గీసుకొస్తే కార్ఖానా నడుపుతున్న తండ్రి ఒప్పుకోవడమే నాకు ఆ గీతల కంటే ఆశ్చర్యంగా తోచింది. మిగతా గదుల్లో చర్చి పాత్రలు, రాజుల బల్లల మీది సామగ్రి చాలా ఉన్నాయి. వాటిని త్వరగానే దాటి సాయంత్రం రైలు అందుకున్నాను.

గురువారం, మళ్లీ కోపెన్‌హాగన్

ఈ రోజు మొత్తం ఒక వెండి కళాకారిణి పనిగదిలో గడిచింది. నోరెబ్రో ప్రాంతంలో ఒక పెరటి వైపు గది. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్లకు మధ్యలో అర్ధచంద్రాకారంగా కోసిన ఖాళీ, ఆ ఖాళీ కింద రాలే వెండి పొడిని పట్టడానికి తోలు జోలె. ఆమె నన్ను కూర్చోబెట్టి, ‘మీరు ప్రశ్నలు అడగండి, నేను మాత్రం చేతులు ఆపను’ అన్నారు. చేయబోతున్నది వెడల్పాటి కడియం. కొసలు కలవకుండా, మణికట్టు సన్నని వైపు నుంచి పక్కగా తిప్పి తొడుక్కొనే రకం.

లెక్క ముందు కాగితం మీద జరిగింది. 160 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీని 1.2 మిల్లీమీటర్ల మందం రేకు నుంచి కోస్తే దాని బరువు దాదాపు 60 గ్రాములవుతుంది. పొద్దున పెట్టుకున్న కడియాన్ని మధ్యాహ్నానికి తీసి సంచిలో వేసుకొనేటట్టు చేసేది ఆ బరువేనని ఆమె అనుభవం. అదే కొలతలతో 0.7 మిల్లీమీటర్ల రేకు తీసుకుంటే 35 గ్రాములు చాలు, కాని అంత పలచని రేకును ఊరికే గుండ్రంగా వంచితే చేతికి తగిలిన ప్రతి తలుపూ దాన్ని నొక్కేస్తుంది. దీనికి పరిష్కారం ఆకారంలోనే ఉంది. పట్టీ మణికట్టు చుట్టూ ఒక దిశలో వంగుతుండగా, దాని రెండు అంచులను అందుకు వ్యతిరేక దిశలో బయటికి తెరుచుకొనేటట్టు కొడితే, గుర్రపు జీనులో ఉన్నట్టు రెండు వంపులు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అప్పుడు పలచని రేకే గట్టిగా నిలుస్తుంది. నిన్న మొన్నటి వరకు డిట్జెల్ కడియంలోని గుంటను అందం కోసమే అనుకున్నవాడెవడైనా ఉంటే, అతణ్ని ఒక పూట ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతా 7.5 పాళ్లు రాగి కలిసినదే స్టెర్లింగ్. పట్టీని కాల్చే ముందు ఆమె కిటికీ తెర దించారు. లోహం మెత్తబడడానికి సుమారు 650 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి వద్ద వెండి మబ్బు ఎరుపుగా మారుతుంది, ఆ ఎరుపు పగటి వెలుతురులో కంటికి ఆనదు. మంటను ఒక చోట నిలపకుండా పట్టీ పొడవునా తిప్పుతూ, చీకట్లో ఎరుపు మొదలవగానే మంట తీసి, అది పోయాక నీటిలో ముంచారు. చుయ్యిమన్న తరువాత వెచ్చని ఆమ్లపు నీటిలో వేస్తే పైనున్న రాగి మసి కరిగి, రేకు తెల్లగా, సుద్ద పూసినట్టు బయటికి వచ్చింది.

ఇక సుత్తి. పాములా వంకర తిరిగిన ఉక్కు దాగలి లోయలో పట్టీని ఆనించి, సన్నని ముఖం గల ప్లాస్టిక్ సుత్తితో అంచు వెంబడి కొట్టుకుంటూ పోయారు. ఒక అంచు పూర్తయ్యాక రెండోది, ఆ తరువాత మళ్లీ మొదటిది. దెబ్బలు తింటున్న కొద్దీ వెండి బిగిసిపోతుంది. మాట విననని చెప్పినప్పుడు మళ్లీ కాల్చాలి, మళ్లీ ముంచాలి. చివరి విడత దెబ్బల తరువాత మాత్రం కాల్చరు, ఎందుకంటే ఆ బిగువే కడియానికి స్ప్రింగు గుణాన్ని ఇచ్చి, చేతికి తొడిగాక జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇదంతా చూశాక, ఒక్క అతుకు లేని ఆ వస్తువులో ఎన్నిసార్లు మంట, ఎన్నిసార్లు నీరు వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను.

మధ్యాహ్నం తరువాత అసలు కష్టం మొదలైంది. స్టెర్లింగ్‌ను కాల్చిన ప్రతిసారీ లోపలి రాగి, పైపొరకు కొంచెం అడుగున, గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఆమ్లం దాన్ని అందుకోలేదు. మెరుగు పెట్టేదాకా కనబడదు కూడా. మెరుగు పెట్టగానే బూడిద రంగులోనో, ఊదా రంగులోనో మబ్బు మరకగా బయట పడుతుంది. ఆకులూ తీగలూ చెక్కిన నగలో ఈ మరక గుంటల్లో దాగిపోతుంది, పైగా గుంటలను కావాలనే నల్లబరుస్తారు. నునుపైన కడియంలో దానికి దాక్కొనే చోటు లేదు. అందుకే ఆమె కాల్చే ముందు ప్రతిసారీ బోరిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్‌ను పట్టీకి పూసి, దాన్ని అంటించి, తెల్లని పొర కట్టనిచ్చారు. అయినా కొసన చిన్న మరక వచ్చింది. ఆమె విసుక్కోలేదు, ఆకురాయి తీసుకొని ఆ చోటును మాత్రమే కాకుండా ఆ ముఖమంతా సమానంగా తీయడం మొదలుపెట్టారు.

‘అక్కడొక్కచోటే తీస్తే?’ అని అడిగాను.

‘అక్కడొక్కచోటే వెలుతురు వంకర పోతుంది. మీ కంటికి కారణం తెలియదు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది.’

ఆకురాయి తరువాత 400 నంబరు గరుకు కాగితం, తరువాత అంతకంటే సన్నని 600, తరువాత ఇంకా సన్నని 1200. కాగితం మార్చినప్పుడల్లా రుద్దే దిశను అడ్డంగా మారుస్తారు. ముందటి గీతలన్నీ పూర్తిగా మాయమయ్యేదాకా తరువాతి కాగితం ముట్టరు. ఇలా దిశ మార్చకపోతే పాత గీత కొత్త గీతల మధ్య దాగి ఉండిపోయి, ఆఖరున మెరుగులో తేలుతుంది. అంచులను విడిగా, సుత్తితో అడ్డంగా కొట్టి కొద్దిగా మందం చేశారు. పలచని రేకుకు అంచు మందంగా కనబడితే చూసేవాడికి వస్తువంతా బరువైనదని తోస్తుంది, చర్మానికి కూడా కోత ఉండదు. నగల్లో ఇంత నిజాయితీ గల మోసం ఇంకొకటి నేను చూడలేదు.

ఆమె పూర్తి అద్దపు మెరుగు పెట్టరు. అది పెట్టిన రోజున బ్రహ్మాండంగా ఉంటుంది, మర్నాటికి మొదటి గీత పడుతుంది, ఆ ఒక్క గీతే కనబడుతుంది. సన్నని గరుకుతో ఆపేస్తే రోజువారీ గీతలు అందులో కలిసిపోతాయి. ఈ విషయంలో నేను ఆమె పక్షమే. దుకాణపు దీపాల కింద తళతళలాడే వెండి చాలావరకు అమ్మకం పూర్తయ్యేదాకా ఉండే అందం.

శుక్రవారం, లుండ్

ఓరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్‌కు రైలు. 2000లో తెరిచిన ఈ వంతెన దాటగానే మాల్మో, కొంచెం పైకి లుండ్. విశ్వవిద్యాలయం, 12వ శతాబ్దపు చర్చి ఉన్న ఈ చిన్న ఊళ్లోనే వెండి కళాకారుడు వీవెన్ నిల్సన్ తన జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. 1897లో పుట్టిన ఆయన తండ్రి దగ్గర పని నేర్చి, జర్మనీలోని హనావులోను, పారిస్‌లోను చదువుకొని, 1920లలో తండ్రి కార్ఖానా బాధ్యత తీసుకున్నారు. ఆయన వెండిలో వంపుల కంటే సరళరేఖలు, పలకలు, కోణాలు ఎక్కువ.

ఒక పాత వస్తువుల దుకాణంలో ఆయన పద్ధతిలో చేసిన పతకం ఒకటి చేతిలో పట్టుకొని చూడనిచ్చారు. చదరంగా కోసిన పెద్ద స్ఫటికం, దాని చుట్టూ సన్నని వెండి చట్రం, అంతకు మించి ఏమీ లేదు. అది కెంపో పచ్చో కాదు కాబట్టి దానికి సొంత రంగు లేదు. నా తెల్లని చొక్కా మీద పెడితే తెల్లగా, దుకాణదారు ముదురు కోటు మీద పెడితే చీకటిగా మారింది. నిల్సన్‌కు తరువాతి వారు ఎంత రుణపడ్డారో ఈ ఒక్క రాతి ఎంపికలోనే తెలుస్తుంది. ఎవరు పెట్టుకున్నారో, ఏ బట్ట మీద పెట్టుకున్నారో నగకు అక్కడ సగం రూపం ఇస్తుంది.

వెనకవైపు ముద్రలు చదవడం నాకు ఆ దుకాణదారే నేర్పారు. స్వీడన్ పాత వెండి మీద మూడు కిరీటాల ముద్ర, నాణ్యతకు ‘ఎస్’ అక్షరం, ఊరి గుర్తు, చేసిన వారి గుర్తు, వీటితో పాటు సంవత్సరానికి ఒక అక్షరం, అంకె ఉంటాయి. ‘జెడ్8’ అంటే 1950, ‘ఎ9’ అంటే 1951. డెన్మార్క్ పాత వెండి మీద మూడు బురుజుల ముద్ర కింద సంవత్సరం నేరుగా రాసి ఉంటుంది. జెన్సెన్ పేరు చుట్టూ చుక్కల కోడిగుడ్డు ఆకారం ఉంటే అది 1945 తరువాతిది. నగిషీ ఉన్న నగను దాని పువ్వులను బట్టి ఏ కాలానిదో ఊహించవచ్చు. నునుపు వెండిని నిన్న చేసిందో డెబ్బయ్యేళ్ల కిందట చేసిందో చెప్పడానికి వెనక్కి తిప్పి భూతద్దం పెట్టక తప్పదు.

శనివారం, రైలులో

లుండ్ నుంచి స్టాక్‌హోమ్‌కు నాలుగు గంటలకు పైగా ప్రయాణం. కిటికీలో అడవి, చెరువు, మళ్లీ అడవి. నా వేలి వెండి ఉంగరం ఈ కొద్ది రోజుల్లో కాస్త పసుపు తిరిగింది. గాలిలోని గంధకం వెండితో కలిసి సల్ఫైడు పొర కడుతుంది. పొర పలచగా ఉన్నప్పుడు పసుపు, తరువాత గోధుమ, చివరికి నలుపు. ఉన్ని బట్ట, రబ్బరు, గుడ్డు దీనికి తోడ్పడతాయి. చెక్కడం ఉన్న నగకు ఈ నలుపు గుంటల్లో చేరి అందమిస్తుంది. సాదా నగ నల్లబడితే మాత్రం మకిలిగానే కనిపిస్తుంది, కాబట్టి అలాంటిది కొనేవారు దాన్ని రోజూ పెట్టుకోవాలి. చర్మం, బట్ట రాపిడి తగులుతూ ఉంటే పొర కట్టడానికి వ్యవధి దొరకదు. డబ్బాలో దాచుకొని పండుగకు తీద్దామనుకునేవారు నగిషీ నగే కొనుక్కోవడం మంచిది.

ఆదివారం, స్టాక్‌హోమ్

జాతీయ మ్యూజియం భవనం 1866లో పూర్తయింది. జార్జ్ జెన్సెన్ పుట్టిన ఏడూ అదే. చాలాకాలం మరమ్మతుల కోసం మూసి ఉంచి, 2018లో మళ్లీ తెరిచారు. నేను పొద్దున్నే వెళ్లింది ఒక్కరి కోసం.

వెండి నగల రూపకర్త వివియానా టొరున్ బూలో-హ్యూబే 1927లో మాల్మోలో పుట్టారు. తల్లి శిల్పి. స్టాక్‌హోమ్‌లో చదువుకొని, 1950లలో ఫ్రాన్స్ వెళ్లి, దక్షిణాన బియో అనే ఊళ్లో కార్ఖానా పెట్టుకున్నారు. పికాసోతో పరిచయం, ఆమె నగలను గాయని బిల్లీ హాలిడే పెట్టుకోవడం, 1960లో మిలాన్ ప్రదర్శనలో బంగారు పతకం, అదే ఏడు లున్నింగ్ బహుమతి, 1967 నుంచి జెన్సెన్ సంస్థతో పని, తరువాత జర్మనీ, ఇండోనేషియా, చివరికి 2004లో కోపెన్‌హాగన్‌లో మరణం. మగవారే ఏలుతున్న వెండి పనిలో ఒక స్త్రీ తన పేరు మీద ప్రపంచమంతా తెలియడం అప్పటికి కొత్త.

ఆమె కంటెలను చూస్తే కొప్పెల్ ఎక్కడ ఆగారో ఈమె అక్కడి నుంచి మొదలుపెట్టారనిపిస్తుంది. మందపాటి వెండి తీగ మెడ చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కొస కిందికి జారి, ఛాతీ మీద ఒక మెలికతో ఆగుతుంది. మెలిక కొసన స్ఫటికమో, సముద్రపు గులకరాయో వేలాడుతుంది. కొక్కెం ఉండదు. బిగించే కీలు ఉండదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తీగను వేలితో వెంబడిస్తే గాని తెలియదు, ఇక్కడ వేలు పెట్టనివ్వరు గనక కంటితోనే వెంబడించాను. గురువారం నాటి పనిగది లేకపోతే నేను ఆ తీగలో గీతను మాత్రమే చూసి ఉండేవాణ్ని, దాని బిగువును ఖచ్చితంగా చూసి ఉండను. కీలు లేని కంటె మెడను పట్టుకొని నిలవాలంటే తీగ తగినంత బిగిసి ఉండాలి. తలను దాటనిచ్చేంత సాగాలి. తిరిగి తన వంపుకు రావాలి. ఆ మూడూ మందం, వంపు, ఆఖరి సుత్తి దెబ్బల మీద ఆధారపడతాయి. రూపకర్త కాగితం మీద ఎంత చక్కగా గీసినా, పనివాడి చేతిలో ఒక్క కాల్పు ఎక్కువైతే ఆ నగ మెడ మీద వేలాడిపోతుంది.

1962 నాటి చేతి గడియారం కూడా ఆమెదే. స్థాయిని చాటుకొనే నగలంటే పడని మనిషి కావడం వల్ల కాబోలు, అది ఒక తెరిచిన కడియం, దాని మీద అంకెలు లేని అద్దపు ముఖం. చేతికి పెట్టుకున్నవారు సమయం చూడబోతే తమ ముఖం కనిపిస్తుంది. ఆలోచనగా ఇది తెలివైనదే. అయితే నాకు గడియారం కంటే కంటెలే గొప్పవిగా తోస్తాయి. గడియారం చమత్కారాన్ని చెప్పి ఊరుకుంటుంది, కంటెలకు చెప్పవలసిన మాటేమీ లేదు.

స్వీడన్ వెండి కళాకారుడు సిగుర్డ్ పెర్సన్ ఉంగరాలు అదే అంతస్తులో ఉన్నాయి. వేలి మీద కట్టిన చిన్న భవనాలుగా ఉండే ఆ ఉంగరాలు నాకు పూర్తిగా రుచించలేదు. పిడికిలి బిగించడానికి వీలులేని ఉంగరం వస్తువుగా ఎంత గొప్పదైనా ఉంగరంగా సగమే. పక్కన నిలబడి ఫొటోలు తీస్తున్న విద్యార్థిని మాత్రం ఒక్కో ఉంగరం ముందు తన చేతిని అద్దానికి ఆనించి, తన వేళ్ల మధ్య అది ఎలా ఉంటుందో చూసుకుంటూ ముందుకు సాగింది. అరల్లో పరిచి పెట్టిన నగల విషయంలో మ్యూజియాలన్నింటికీ ఉన్న లోపం ఇదే: ఇవి ఒంటి మీదే పూర్తవుతాయి, ఇక్కడ వాటికి ఒళ్లు లేదు.

సాయంత్రం బస నుంచి కోపెన్‌హాగన్ కళాకారిణికి ఒక ఉత్తరం రాశాను, మా అక్కకు కీలు లేని వెండి కంటె చేసివ్వగలరా అని. గంటలో జవాబు వచ్చింది. మెడ కొలతను దారంతో రెండు చోట్ల తీయాలి, మెడ మొదట్లో ఒకటి, గొంతు మధ్యలో ఒకటి. తల చుట్టుకొలత కూడా కావాలి. కొలతలు ఉదయం కాకుండా సాయంత్రం తీయాలి. జుట్టు ముడి వేసుకొనే అలవాటుంటే ముడి ఎంత ఎత్తున ఉంటుందో రాయాలి, ఎందుకంటే తీగ వెనకవైపు కొస అక్కడ తగలకూడదు. రాయి వేలాడదీయాలనుకుంటే దాని బరువు ముందే చెప్పాలి, తీగ మందం దాన్ని బట్టి మారుతుంది. రాయి వద్దని జవాబు రాసి, కొలతల కోసం అక్కకు ఫోన్ చేశాను.